ఉప్పు కడిగిన సాయంత్రం

లారీ వెనక నుంచి దిగగానే మొదట కనిపించింది ఒక పసుపు రంగు బోర్డు. సముద్ర మట్టానికి 14,200 అడుగుల ఎత్తు అని రాసి ఉంది. ఆ సముద్ర మట్టం ఎక్కడుంటుందో ఆ చుట్టుపక్కల బాగా తెలిసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. అది మా ఇల్లు. బాపట్ల దగ్గర సూర్యలంకలో, పోటు ఎక్కువైన రోజున అల మా గడప దాకా వచ్చి చూసి పోతుంది. అంటే ఆ బోర్డు మీది లెక్కంతా మా గడప నుంచి కొలిచిందే. నాకు కొంచెం గర్వం కలిగింది. ఆ వెంటనే వాంతి అయింది.

సమయం మధ్యాహ్నం పన్నెండూ పది. నవంబరు మొదటి వారం. ఎండ ఉంది, వేడి లేదు. గాలి ఉంది, ఊపిరి లేదు.

వాంతి సంగతి కూడా చెప్పేస్తాను. మాది చేపల వేటకెళ్ళే కుటుంబం. నాకేమో పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. మా నాన్న మూడేళ్ళు ఓపిక పట్టి, వీడు నీళ్ళకి పనికిరాడు, ఎక్కడైనా గట్టి నేల మీద వదలండి అన్నాడు. సైన్యం నన్ను దేశంలోకెల్లా గట్టి నేల మీద వదిలింది. అక్కడి రోడ్డుకి అలల కంటే ఎక్కువ మెలికలున్నాయి.

బోర్డు పక్కన నిలబడి నా అవస్థ చూస్తున్నాయన మా హవల్దారు. పోస్టులో బండ్ల బాధ్యత ఆయనది. పద్దెనిమిదేళ్ళుగా కొండరోడ్ల మీద నడిపిన మనిషి. నా కాగితాలు తిరగేస్తూ హిందీలో మొదలుపెట్టి, మధ్యలో ఆగి, తెలుగులోకి దిగాడు.

“ఏ ఊరు తమ్ముడూ?”

“సూర్యలంకండి.”

“మాది చుండూరు. ఇక్కడ అండీ గిండీ వద్దు, ఊపిరి దండగ. అన్నా అను, చాలు.”

పైకి పంపే ముందు కింద శిబిరంలో ఆరు రోజులు నన్ను ఊరికే కూర్చోబెట్టారు. పైకొచ్చాక మరో నాలుగు రోజులు అదే డ్యూటీ. మైదానం నుంచి వచ్చిన మనిషి ఒళ్ళు ఆ పలచటి గాలికి మెల్లగా అలవాటు పడాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. అందుకని పరిగెత్తకూడదు, బరువెత్తకూడదు, గట్టిగా నవ్వకూడదు. ఏ పనీ చెయ్యడని మా ఇంట్లో నన్ను తిట్టిన తిట్లన్నీ పది రోజులపాటు ప్రభుత్వ ఉత్తర్వులయ్యాయి.

మా పోస్టు ఒక కనుమ మీద ఉండేది. మా ఊళ్ళో కనుమ అంటే మినప గారెలు. అక్కడ కనుమ అంటే రెండు కొండల మధ్య గాలి దూరే సందు. ఐదు బంకర్లు, ఒక వంటగది, బండి నిలిపే రేకుల షెడ్డు. అక్కడి నుంచి కింద శిబిరానికి ఇరవై మూడు కిలోమీటర్లు, నలభై ఒక్క మలుపు. ఆసుపత్రి ఆ శిబిరంలోనే ఉంది. దారిలో పదకొండో కిలోమీటరు దగ్గర ఒక గేటు. గేటంటే రోడ్డుకి అడ్డంగా ఒక ఇనప గొట్టం, పక్కన ఒక బంకరు, అందులో ఒక సుబేదారు, ఆయన దగ్గర ఒక రేడియో. గేటు దాటాక ఆరు వందల మీటర్ల మేర రోడ్డు ఒక నిటారు మంచు వాలు కింద నుంచి పోతుంది. ఉదయం పదకొండుకి ఆ వాలు మీద ఎండ పడుతుంది. ఎండ పడితే మంచు కదులుతుంది. అందుకని పదకొండుకి గేటు మూస్తారు. మళ్ళీ తీసేది సాయంత్రం నాలుగుకి, ఎండ పోయి మంచు బిగుసుకున్నాక. ఈ రెండు అంకెలూ చిన్నప్పుడు నాకు రాని ఎక్కాల కంటే గట్టిగా నేర్పారు.

నా బండి అంబులెన్సు. నాలుగు చక్రాలూ లాగే రకం. హవల్దారు దాన్ని నాకు అప్పజెప్పిన తీరు చూస్తే పిల్లనిస్తున్నాడేమో అనుకోవాలి.

“దమ్ము చేసిన మళ్ళో నడిచావా ఎప్పుడన్నా?” అని అడిగాడు.

“లేదన్నా. మాది ఇసక.”

“అయితే నీ కర్మ. అడుగు మెల్లగా వెయ్యాల, మెల్లగా తియ్యాల. విసురుగా ఏదీ చెయ్యకూడదు. మంచు మీద బండైనా అంతే.”

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మొన్న రేపల్లె నుంచి మా బావమరిది వచ్చాడు. కొత్త కారు కొన్నాడు. నిమ్మకాయలు తొక్కించడం అయింది. ఇక మంచు కొండలు తొక్కిస్తానంటున్నాడు. ఏమేం కొనాలి బావా అని ఫోనులో రాసుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ముందు పార కొను అన్నాను. వేళాకోళం అనుకున్నాడు. నేను హవల్దారు దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పాను.

పార టైరు ముందు మంచు తవ్వడానికే కాదు. బండి ఆగిపోయినప్పుడు ఇంజను నడుస్తూ ఉంటుంది, అద్దాలు ఎక్కించి వెచ్చగా కూర్చుంటాం. వెనక పొగగొట్టం మంచులో పూడిపోతే పొగ లోపలికొస్తుంది. నిద్ర వస్తుంది. చాలా హాయిగా వస్తుందట. ఎంత హాయో చెప్పడానికి అలా పడుకున్నవాళ్ళెవరూ లేవరు. కాబట్టి ఆగిన ప్రతిసారీ దిగి ఆ గొట్టం చుట్టూ తవ్వాలి. పార తర్వాత గొలుసులు. గొలుసు మెడకే అనుకునేవాణ్ణి. అక్కడ టైరుకి తొడుగుతారు. తొడిగి అర కిలోమీటరు పోయాక ఆగి మళ్ళీ బిగించాలి. వేగం ఇరవై దాటకూడదు. పొడి రోడ్డు రాగానే విప్పెయ్యాలి. డీజిలు చలికాలానిది వేరే ఉంటుంది, అదే పొయ్యాలి. మామూలుది గేదె నెయ్యిలా పేరుకుంటుంది. రేడియేటర్లో ఉత్త నీళ్ళుండకూడదు. రాత్రి బ్యాటరీ విప్పి లోపలికి తెచ్చుకోవాలి. నా మంచం కింద అది పడుకునేది, దాని పక్కన నా బూట్లు. అద్దం తుడిచే పుల్లలు పైకెత్తి ఉంచాలి, లేకపోతే అద్దానికి అతుక్కుపోతాయి. నిలిపి ఉంచేటప్పుడు హ్యాండ్ బ్రేకు వెయ్యకూడదు. గేరులో పెట్టి చక్రాల కింద చెక్కలు పెట్టాలి. బ్రేకు వేసి వదిలేస్తే లోపలున్న కొద్దిపాటి తడే గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది.

దిగుడులో బండిని ఆపవలసింది గేరు, బ్రేకు కాదు. నీడపట్టున రోడ్డు తడిసినట్టు మెరుస్తుంటే అది తడి కాదు, గాజు. మంచి రోడ్డు అని చదువుకున్న చోటల్లా మంచు రోడ్డు ఉంటుంది.

మా బావమరిది అంతా విని, హోటళ్ళు ఎలా ఉంటాయి బావా అన్నాడు.

ఇవన్నీ అతనికి చెప్పగలిగాను. చెప్పలేకపోయింది అక్కడి నిశ్శబ్దం. మా ఊళ్ళో వాన ముందు కొబ్బరాకులకి చెప్పి, తర్వాత రేకులకి చెప్పి, ఆ తర్వాత మనకి చెబుతుంది. మంచు ఎవరికీ చెప్పదు. తల ఎత్తితే పడుతూ ఉంటుంది. దాంట్లో నడుపుతుంటే బండి నిలబడి ఉన్నట్టూ, కొండే నా కింద నుంచి మెల్లగా జరిగిపోతున్నట్టూ ఉండేది. పైకీ కిందకీ తేడా పోయేది. ఒక్కోసారి ముందు తెల్లటి కాగితం ఉందనీ, నేనే దాని మీద మొదటి గీత గీస్తున్నాననీ అనిపించేది. వెనక్కి చూస్తే గీత కూడా పూడిపోతూ ఉండేది. నిద్రలో నడుపుతున్నానేమోనని నన్ను నేను గిల్లుకునేవాణ్ణి. మూడు జతల చేతి తొడుగుల మీంచి గిల్లితే మెలకువో కలో తేలదు.

ఇక మా వంటమాస్టరు. ఉత్తరాది కుమావూ కొండల మనిషి, నలభై దాటినవాడు. నన్ను సముద్రం అని పిలిచేవాడు. ఏయ్ సముద్రం, చాయ్ తాగిపో అనేవాడు హిందీలో. వాతావరణం ఆయనకి రేడియో కంటే ముందు తెలిసేది. గోధుమపిండి ముద్ద అంచులు పగిలితే సాయంత్రానికి మంచు పడుతుందనేవాడు. పడేది. హవల్దారు బండి తియ్యబోయే ముందు వంటగదిలోకి తొంగిచూసి, పిండి ఏమంటోంది అని అడగడం నేను చాలాసార్లు విన్నాను.

జనవరిలో ఆయన సెలవు మీద ఇంటికి వెళ్ళాడు. ఆ నెల వంట నాకు పడింది. తీరం వాడు, బాగా వండుతాడని ఎవరో అనుకున్నారు. ఆ ఎత్తున నీళ్ళు తొందరగా మరుగుతాయి, పప్పు మాత్రం ఉడకదు. నేను నీళ్ళు మరిగాయి కదా అని దించేశాను. పోస్టులో అందరూ ఆ పప్పుని నమిలారు. ఒకతను దాన్ని చర్రా గుళ్ళు అనుకుని తుపాకీలో నింపుకుంటున్నట్టు నటించాడు.

ఈ వార్త కింద శిబిరం దాకా పాకింది. సెలవు నుంచి తిరిగొచ్చిన వంటమాస్టరు కింద ఆరు రోజులు కూర్చోవాలి. నెల రోజులు ఇంటి దగ్గరుండి వచ్చిన మనిషి కొత్తవాడితో సమానం. కానీ ఆయన రెండో రోజునే సరుకుల లారీ ఎక్కి పైకొచ్చేశాడు. పిల్లలు ఆకలితో ఉన్నారని రాతగాణ్ణి బతిమాలి కాగితం మార్పించుకున్నాడట. వంటగదిలో అడుగుపెట్టి, నా పప్పు గిన్నె మూత తీసి, మూత మళ్ళీ పెట్టేశాడు. అంతకంటే అనడానికి ఏముంది?

సరుకుల లారీ మర్నాడు దిగిపోయింది. ఇక పోస్టులో ఉన్న బండి నాదొక్కటే.

ఆ మర్నాడు నేను ఒక పన్నునొప్పి రోగిని పొద్దున్నే కింద దించి, పదకొండుకి ముందే గేటు దాటి, పైన పేరుకున్న మంచు తవ్వుకుంటూ మధ్యాహ్నం రెండూ నలభైకి తిరిగొచ్చాను. ఫిబ్రవరి రెండో వారం. ఎండ బాగా కాసింది. లోయలో రోడ్డు పనివాళ్ళు మంచు కరగడానికి ఉప్పు చల్లారు. బండి దిగి చూస్తే మడ్‌గార్డుల కింద, చక్రాల మీద, వెనక తలుపు అంచుల్లో తెల్లగా ఉప్పు కట్టింది.

నా ప్రాణం ఊరుకోలేదు.

మా తీరంలో ఇనుముకి ఉప్పు చెదపురుగు లాంటిది. వేట నుంచి రాగానే మనిషి ఒక చుక్క నీళ్ళు నోట్లో వేసుకునే ముందు ఇంజనుకి మంచినీళ్ళు పొయ్యాలి. రెండు రోజులు ఒంటి మీద తడి ఆరకుండా సముద్రంలో ఉండి వచ్చినా సరే. ముందు దానికి పోసి రా, తర్వాత నువ్వు తాగు అనేవాడు నాన్న. సూర్యలంకలో సైకిలైనా, మోటారు సైకిలైనా రోజూ కడగకపోతే ఆర్నెల్లలో చేతికి పొడి వస్తుంది. పడవ నాకు పడలేదు కానీ ఈ ఒక్కటీ మాత్రం పట్టుబడింది. ఇంట్లో నన్ను మెచ్చుకున్న పనల్లా ఇదే.

వంటగదిలో మంచు కరిగించే పీపా పొయ్యి మీద ఉంది. రెండు బకెట్లు గోరువెచ్చటి నీళ్ళు అడిగాను. వంటమాస్టరు ముంచి ఇచ్చాడు. చక్రాల లోపలి దాకా, బ్రేకు డ్రమ్ముల వెనక దాకా, తలుపు కీళ్ళ దాకా చెయ్యి పెట్టి కడిగాను. ఆయన వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పెళ్ళికూతురికి స్నానమా అని నవ్వాడు. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. ఏంటా దగ్గు అంటే, పొగ అన్నాడు. నేను అడక్కుండానే మూడో బకెట్టు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళాడు.

మూడూ ఇరవై. బండి మెరిసింది. నేను నేర్చుకున్నవన్నీ వరుసగా చేశాను. గేరులో పెట్టాను. హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు. చెక్కలు పెట్టాను. పుల్లలు పైకెత్తాను. బ్యాటరీ విప్పుకుని వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఈల వేసుకుంటూ వెళ్ళాను.

ఉదయం ఏడూ ఐదుకి వైద్య సహాయకుడు నా బంకరు తలుపు కొట్టాడు. సూది మందూ ఆక్సిజనూ అతని చేతిలో ఉండేవి. పోస్టులో డాక్టరుకి దగ్గరి మనిషి అతనే. వంటమాస్టరు పిండి కలుపుతూ కూలబడ్డాడని చెప్పాడు. వెళ్ళి చూశాను. గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. పెదవులు నేరేడు పండు తిన్నవాడివిలా ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల హుక్కా గుడగుడలాడినట్టు చప్పుడు. తొందరపడి ఎక్కినవాడి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది. దీనికి పైన మందు లేదు. కిందకి దించడమే మందు.

రేడియోలో అడిగారు. కనుమ కింద మబ్బు కమ్మి ఉంది, హెలికాప్టరు రావడం కుదరదని జవాబు. రోడ్డున దించండి అన్నారు. ఏడూ ఇరవై. సిలిండర్లో ఆక్సిజను మధ్యాహ్నం ఒంటిగంట దాకా వస్తుందని సహాయకుడు లెక్క చెప్పాడు. రాత్రి పడిన కొత్త మంచు మీద గేటు దాకా గంటా పావు. ఎనిమిదికి బయల్దేరినా తొమ్మిదింబావుకి గేటు దాటేస్తాం. చాలా వ్యవధి ఉంది.

బ్యాటరీ భుజాన వేసుకుని షెడ్డుకి వెళ్ళాను. వెనక తలుపు లాగితే రాలేదు. ఇంకోసారి లాగాను. పిడి చేతిలోకి వచ్చేలా ఉంది. తలుపు చుట్టూ రబ్బరు మొత్తం గాజులా గడ్డకట్టి ఉంది. ఇంజను మాత్రం స్టార్టయింది. గేరు వేసి వదిలితే బండి ఒక్కసారి వణికి ఆగిపోయింది. చక్రాలు తిరగలేదు. నాలుగూ.

హవల్దారు వంగి చూశాడు. డ్రమ్ముల నుంచి మంచు కడ్డీలు వేలాడుతున్నాయి.

“ఏంటిది?”

“కడిగానన్నా.”

“ఏం కడిగావు?”

“బండి. ఉప్పుందని.”

ఆయన నా మొహం చూశాడు. కోప్పడతాడనుకున్నాను. తీరం మనిషి ఉప్పు చూస్తే ఏం చేస్తాడో చుండూరు మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

“నీకు వంద చెప్పాను,” అన్నాడు మెల్లగా. “ఇదొక్కటీ చెప్పలేదు. చెప్పాలని నాకు తట్టలేదురా.”

మరుగుతున్న నీళ్ళకోసం వంటగది వైపు అడుగేశాను. వెనక నుంచి నా కోటు పట్టుకుని ఆపాడు.

“మళ్ళీ నీళ్ళా? చేసింది నీళ్ళే కదా.”

గది వెచ్చబెట్టడానికి ప్రతి బంకరులోనూ ఒక బొగ్గు కుంపటి ఉండేది, బుఖారీ అంటారు. వాటిల్లోంచి నిప్పులు తీశాం. పెట్టడానికి వంటమాస్టరు పెనాలు తప్ప ఏమీ లేవు. నాలుగు పెనాలు, నాలుగు చక్రాల కింద. ఒకడు డీజిలు ట్యాంకు దగ్గర తడి గోనె పట్టుకుని నిలబడ్డాడు. హవల్దారు చెక్క సుత్తితో డ్రమ్ము చుట్టూ కొడుతూ చెవి పెట్టి వింటున్నాడు. నేను బోర్లా పడుకుని నిప్పులు ఊదుతున్నాను. ఊదడానికి అక్కడ ఊపిరెక్కడిది? నాలుగు ఊదులకి కళ్ళ ముందు మిణుగురులు. షెడ్డు గోడ అవతల నుంచి వంటమాస్టరు ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. ఆయనకి లేని ఊపిరిని నేను తీసుకెళ్ళి బొగ్గుల మీద పోస్తున్నాననిపించింది.

మొదటి చక్రం ఎనిమిదీ ముప్పైకి వదిలింది. నాలుగోది తొమ్మిదీ ఇరవై ఐదుకి. తలుపు గునపంతో ఊడబెరికాం. గొలుసులు తొడిగాం. బయల్దేరేటప్పటికి తొమ్మిదీ యాభై.

హవల్దారు నా పక్కన కూర్చున్నాడు. వెనక గదిలో సహాయకుడు రోగిని పడుకోబెట్టకుండా నా సీటు వెనక పలకకి ఆనించి కూర్చోబెట్టాడు. ఆ పలకలో అరచెయ్యంత అద్దం బిగించి ఉంది. వంటమాస్టరు చెంప ఆ అద్దానికి ఆనింది. నా తల పైనున్న చిన్న అద్దంలోంచి చూస్తే ఆయన మొహం కనిపించలేదు. ఆక్సిజన్ ముసుగు పక్క నుంచి వచ్చిన ఊపిరి ఆ గాజు మీద తెల్లటి మచ్చలా పూస్తూ, చెరిగిపోతూ కనిపించింది. అంతే. రొట్టె ముద్ద అంత మచ్చ. పూసేది. చెరిగేది. మళ్ళీ పూసేది.

రోడ్డు మీద పిక్కల లోతు కొత్త మంచు. రెండో గేరు. అర కిలోమీటరు పోయాక దిగి గొలుసులు బిగించాం. ఐదో మలుపు, తొమ్మిదో మలుపు. తొందరపడాలని కాలికి తెలుసు, పడకూడదని రోడ్డుకి తెలుసు. మబ్బు మా కిందకి జారిపోయి ఉంది. బండి ఆకాశంలోంచి దిగుతున్నట్టే ఉంది. ఒక మలుపులో ఎండ, ఇంకో మలుపులో నీడ. నీడ వచ్చినప్పుడల్లా హవల్దారు చెయ్యి కొద్దిగా కిందకి ఊపేవాడు, మెల్లగా అన్నట్టు. గోడ మీద పాకే చీమని ఎవరైనా దూరం నుంచి చూస్తే ఇలాగే ఉంటుందనుకున్నాను. ఆ చీమకి ఎంత కంగారో చూసేవాడికి తెలియదు.

గేటు దగ్గరికి పదకొండూ ఐదుకి చేరాం. గొట్టం దించి ఉంది.

సుబేదారు బంకరులోంచి బయటికొచ్చాడు. ఆలస్యం ఎందుకైందని హవల్దారుని అడిగాడు. చలి, సార్ అన్నాడు హవల్దారు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, కాదు సార్, నేను బండి కడిగాను, బ్రేకులు పట్టేశాయి అని చెప్పాను. ఆయనకి ఆ వాక్యం అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత వెనక గదిలోకి తొంగిచూశాడు. సాయంత్రం నాలుగు దాకా ఆగితే అని సహాయకుణ్ణి అడిగాడు. అతను సిలిండరు ముల్లు చూపించాడు.

సుబేదారు రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. వాలు పైభాగాన మూడో వంతు మీద ఎండ పడి ఉంది. బంగారం రంగు. ఇంత అందమైనది మనిషిని చంపుతుందంటే నమ్మబుద్ధి కాదు. ఆయన చెవుల మీది టోపీ అంచు పైకెత్తి వింటూ ఒక నిమిషం అలాగే ఉన్నాడు. తిరిగొచ్చి గొట్టం తానే ఎత్తాడు.

“హారన్ వద్దు. ఆగొద్దు. హవల్దారు, నువ్వు దిగు. ఆ వాలు కింద ఒక్క మనిషి తగ్గినా మంచిదే.”

హవల్దారు దిగాడు. తలుపు మూయకుండా ఒక్క క్షణం పట్టుకున్నాడు.

“పైకి చూడకు తమ్ముడూ. మధ్యలో బ్రేకు మీద కాలు పెట్టావంటే ముగ్గురూ పోతారు. ఏదైనా సరే, పెట్టకు.”

ఆరు వందల మీటర్లు. గంటకి పన్నెండు కిలోమీటర్ల వేగం. మూడు నిమిషాలు. మా ఊళ్ళో కొబ్బరి బొండాం చెక్కి ఇవ్వడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

రోడ్డు చూశాను, అద్దం చూశాను. మచ్చ పూసింది, చెరిగింది. గొలుసుల చప్పుడు మెత్తబడిపోయింది. ఎడమ పక్కన ఆ తెలుపంతా నా మీద వంగి ఏదో చెప్పబోయి ఆగినట్టుంది. పైనుంచి వేరుశనగ గింజలంత మంచు ఉండలు రోడ్డు మీదకి దొర్లాయి. బండి ముందు చక్రం వాటిని తొక్కింది. మచ్చ పూసింది. చెరిగింది.

మళ్ళీ పుయ్యలేదు.

గాజు నల్లగా ఉంది. నా కుడికాలు దానంతట అది బ్రేకు వైపు జరిగింది. నేను జరపలేదు. ఆపి, దిగి, వెనక తలుపు తీసి ఆయన్ని చూడాలి. నాలుగు పెనాలు, మూడు బకెట్లు, రెండు గంటలు. ఇదంతా నేను చేసిందే. చూడకపోతే ఎలా? బూటు అంచు బ్రేకుకి తగిలింది. ఇనుము తెలిసింది. అక్కడే పట్టుకుని ఆపాను. ముందున్న మంచు మీద చూపు పెట్టి, వేలంపాటలో లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు దగ్గర గాజు మీద అంచుల్లో ఏదో మసకబారింది. ఐదు దగ్గర మచ్చ అయింది.

వాలు దాటాక ఎంతసేపు నడిపానో తెలియదు. నా మొహం తడిగా ఉంది. ఆ చలికి వెంటనే బిగుసుకుంది. పదకొండూ నలభైకి వెనక కొండ మీద ఒక చప్పుడు వినిపించింది. నెమ్మదిగా మొదలై, పెద్దదై, చాలాసేపు ఉండి, మెత్తగా ఆగింది. పెద్ద పోటు రోజున మా ఇంట్లో పడుకుంటే వినిపించే చప్పుడు. ఆ ఎత్తున అది విని నిజంగానే ఇంటి దగ్గరున్నాననుకున్నాను. తర్వాత అర్థమైంది, రోడ్డు మూసుకుపోయిందని. బండిలోని రేడియోలో హవల్దారు గొంతు ఒక్క ముక్క అడిగింది.

“ఎక్కడ?”

“దాటాం అన్నా.”

పన్నెండూ ఇరవైకి ఆసుపత్రి. వాళ్ళు ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు. నేను బండి పక్కన నేల మీద కూర్చున్నాను. ఎవరో టీ ఇచ్చారు. తాగానో లేదో గుర్తు లేదు.

రోడ్డు పదకొండు రోజులు తెరుచుకోలేదు. కింద శిబిరంలోనే ఉండిపోయాను. విచారణ జరిగింది. ఉన్నదున్నట్టు రాసిచ్చాను. రావలసిన శిక్ష వచ్చింది, అది నాకూ సైన్యానికీ మధ్య విషయం. పైగా ఆ పోస్టు శాశ్వత ఉత్తర్వుల్లో ఒక వాక్యం పెరిగింది. చలికాలంలో బండ్లు కడగరాదు. సైన్యానికి నేనిచ్చిన సాహిత్యం అంతే.

నాలుగో రోజుకి వంటమాస్టరు మాట్లాడగలిగాడు. మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. ఉప్పు, నీళ్ళు, చక్రాలు, పెనాలు. రెండు గంటలు నా వల్ల పోయాయన్నాను. ఆయన కప్పు వైపు చూస్తూ విన్నాడు.

“నా పెనాల మీద బొగ్గులు పోశారా?”

“పోశాం.”

“తోమారా?”

“లేదు.”

“అయితే ముందు ఆ తప్పు చెప్పాలి కదా, సముద్రం.” కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. కాసేపయ్యాక, కళ్ళు తెరవకుండానే అన్నాడు. “మూడో బకెట్టు నువ్వడగలేదు. అది నేనిచ్చిందే.”

ఆయన్ని మైదానానికి పంపించారు. ఒకసారి ఊపిరితిత్తులు అలా తడిసిన మనిషిని మళ్ళీ ఎత్తుకి పంపరు. కొండల్లో పుట్టినవాడు కొండలకి పనికిరాడని కాగితం మీద రాశారు. ఆ కాగితం బరువు ఎంతో నాకు కొంచెం తెలుసు. దారి తెరిచాక నేను పైకి వెళ్ళి పెనాలు తోమాను. ఒకటి ఎంత తోమినా తెల్లబడలేదు.

ఏప్రిల్లో నా వంతు అయిపోయింది. కొండ దిగి, మూడు రైళ్ళు మారి బాపట్ల స్టేషన్లో దిగాను. మధ్యాహ్నం. ప్లాట్‌ఫారం మీద గాలి ఎంత చిక్కగా ఉందంటే నమిలి మింగొచ్చనిపించింది. మా నాన్న వచ్చాడు. పెట్టె అందుకుని, చిక్కిపోయావేంట్రా అన్నాడు. నేను అక్కడే నిలబడి ఊరికే ఊపిరి పీల్చుకున్నాను. ఆయన పెట్టె కింద దించి నా పక్కన నిలబడ్డాడు. తర్వాత ఇంకొన్నేళ్ళు సర్వీసు చేశాను, ఇంకొన్ని రోడ్లు చూశాను. ఇప్పుడు తెనాలి నుంచి బాపట్లకి ఒక కాలేజీ బస్సు నడుపుతున్నాను. రోడ్డు బల్లపరుపు. పిల్లలు వెనక పాటలు పెట్టుకుంటారు. అప్పుడప్పుడు, ఎండలో కాలవ గట్టు వెంట పోతుండగా, తల పైనున్న అద్దంలోకి చూస్తాను. పిల్లలు కనిపించరు. నల్లటి గాజు మీద తెల్లటి మచ్చ ఒకటి పూస్తుంది. చెరిగిపోతుంది. అది మళ్ళీ పూసేదాకా నేను ఊపిరి తీసుకోను.